యుద్ధ విరమణ తర్వాత కూడా ఆగని యుద్ధం

1918 నవంబరు 11 ఉదయం 11 గంటలకు ఫ్రాన్సు, బెల్జియం నేలమీద ఫిరంగులు ఆగాయి. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన క్షణంగా పాఠ్యపుస్తకాలు చెప్పేది దాన్నే. అయితే ఆ ఉదయం తూర్పు ఆఫ్రికాలో జర్మన్ సేనాని పాల్ ఫాన్ లెట్టో-వోర్బెక్ ఇంకా పోరాడుతూనే ఉన్నాడు. నేటి జాంబియా ప్రాంతంలో ఉన్న ఆయనకు విరమణ కబురు అందడానికే మరో రెండు రోజులు పట్టింది. ఆయుధాలు అప్పగించింది నవంబరు 25న. అప్పటికి ఆయన వెంట మిగిలిన సైన్యంలో జర్మన్లు కొద్దిమందే. మిగతా వెయ్యిమందికి పైగా ఆఫ్రికన్ సిపాయిలు. ఆ రంగంలో బ్రిటిష్ సేనల సామాన్లు మోస్తూ జబ్బులకూ ఆకలికీ బలైన ఆఫ్రికన్ కూలీలు దాదాపు లక్షమంది. వీళ్లలో ఎవరికీ సరయెవోలో జరిగిన హత్యతో గాని, ఐరోపా రాజుల పంతాలతో గాని ఏ సంబంధమూ లేదు.

నవంబరు 11 పశ్చిమ ఐరోపా తేదీ. బల్గేరియా సెప్టెంబరు 29నే చేతులెత్తేసింది. ఒట్టోమన్ టర్కీ అక్టోబరు 30న, ఆస్ట్రియా–హంగరీ నవంబరు 3న విరమణ పత్రాలపై సంతకాలు చేశాయి. మరోవైపు రష్యా అంతర్యుద్ధం, పోలెండు–సోవియట్ యుద్ధం, గ్రీకు–టర్కీ యుద్ధం 1918 తర్వాతే ముదిరాయి. ఈ మహా సంగ్రామానికి సంబంధించిన చివరి శాంతి ఒప్పందం కుదిరింది 1923 జులై 24న, స్విట్జర్లాండులోని లోజాన్‌లో. ఇరవయ్యో శతాబ్దాన్ని పీడించిన తగాదాల్లో చాలావాటికి మూలాలు కందకాల్లో కన్నా ఈ చివరి ఐదేళ్లలోనే ఎక్కువగా దొరుకుతాయి. సామ్రాజ్యాలను కూల్చింది యుద్ధం. వాటి శిథిలాల మీద ఎవరికి ఎంత, ఏ హక్కుతో అన్నది తేలింది ఆ తర్వాత. ఆ తేల్చిన తీరే అసలు సమస్య.

1914 జూన్ 28న ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్‌నూ ఆయన భార్య సోఫీనీ 19 ఏళ్ల బోస్నియా సెర్బు గావ్రిలో ప్రిన్సిప్ కాల్చి చంపిన ఉదంతం అందరికీ తెలిసిందే. దాని తర్వాతి 37 రోజుల మీద జరగవలసినంత చర్చ జరగదు. జులై 23న సెర్బియాకు ఆస్ట్రియా తుది హెచ్చరిక పంపింది, 28న యుద్ధం ప్రకటించింది. 30న రష్యా సర్వసైన్య సమీకరణకు ఉత్తర్వులిచ్చింది. ఇక్కడినుంచి పగ్గాలు దౌత్యవేత్తల చేతుల్లోంచి సైనిక ప్రణాళికల చేతుల్లోకి వెళ్లిపోయాయి. లక్షలాది సైనికులను సరిహద్దుకు చేర్చడమంటే వేలాది రైళ్లను ముందే రాసిపెట్టుకున్న టైంటేబులు ప్రకారం నడపడమే. మధ్యలో ఆపితే మొత్తం చిక్కుపడిపోతుంది. జర్మనీ దగ్గర ఉన్న పథకమేమో ముందు ఫ్రాన్సును కొన్ని వారాల్లో ఓడించి, ఆ తర్వాత రష్యా మీదికి తిరగాలన్నది. అందుకే తూర్పున సెర్బియా కోసం మొదలైన తగాదాకు జవాబుగా జర్మన్ సేనలు పడమరన బెల్జియంలోకి దిగాయి. బెల్జియం తటస్థతకు 1839 ఒప్పందంతో హామీదారుగా ఉన్న బ్రిటన్ ఆగస్టు 4న రంగంలోకి వచ్చింది. ఒక్క దేశం మీదే నేరమంతా మోపడం కుదరదు గాని, వియన్నా, బెర్లిన్‌ల బాధ్యత మిగతావారికన్నా ఎక్కువని ఈ క్రమమే చెబుతుంది. సెర్బియాను శిక్షించే తొందర ఒకరిది, ఏం చేసినా వెనక నేనున్నానన్న భరోసా మరొకరిది.

సెప్టెంబరులో మార్న్ నది దగ్గర జర్మన్ల ముందడుగు ఆగింది. ఏడాది తిరక్కముందే స్విట్జర్లాండు సరిహద్దు నుంచి ఉత్తర సముద్రం దాకా దాదాపు 700 కిలోమీటర్ల పొడవున కందకాలు వెలిశాయి. మెషిన్ గన్ను, ముళ్లకంచె, రైళ్లలో క్షణాలమీద దిగే అదనపు బలగాలు దాడి చేసేవాడికన్నా కాచుకునేవాడికే మేలు చేశాయి. 1916 జులై 1న సోమ్ నది దగ్గర బ్రిటిష్ సైన్యం ఒక్కరోజులో 57 వేలమందిని నష్టపోయింది. అందులో చనిపోయినవారే 19,240 మంది. వెర్దూన్‌లో ఫ్రెంచి, జర్మన్ సేనలు పది నెలలపాటు తలపడి దాదాపు మూడు లక్షల ప్రాణాలు పోగొట్టుకున్నా యుద్ధరేఖ పెద్దగా కదలలేదు.

ఈ ప్రతిష్టంభన అన్నేళ్లు ఎలా సాగిందన్నదానికి జవాబు కొంతవరకు రసాయన శాస్త్రంలో ఉంది. పేలుడు పదార్థాలకు నైట్రేట్లు కావాలి. అప్పట్లో అవి ప్రధానంగా చిలీ దేశపు గనులనుంచి ఓడల్లో వచ్చేవి. బ్రిటిష్ నౌకాదళం సముద్రాన్ని దిగ్బంధించగానే జర్మనీకి ఆ దారి మూసుకుపోయింది. అయినా జర్మనీ నాలుగేళ్లు కాల్చగలిగిందంటే కారణం గాలిలోని నత్రజని నుంచి అమ్మోనియా తీసే హేబర్–బాష్ విధానం. ఆ విధానాన్ని కనిపెట్టిన ఫ్రిట్జ్ హేబరే 1915 ఏప్రిల్ 22న ఈప్ర పట్టణం దగ్గర క్లోరిన్ విషవాయువు ప్రయోగాన్ని దగ్గరుండి నడిపించాడు. 1918 సంవత్సరపు రసాయన శాస్త్ర నోబెల్ బహుమతి ఆయనకే దక్కింది. నేడు కృష్ణా, గోదావరి డెల్టా చేలకు వెళ్లే యూరియా బస్తా వెనక ఉన్నది కూడా ఆ అమ్మోనియా విధానమే. ఈ యుద్ధం మిగిల్చిన వాటిలో కోట్లమంది కడుపు నింపుతున్న సంగతి ఇదొక్కటేనేమో.

దిగ్బంధనం మందుగుండును ఆపలేకపోయినా తిండిని ఆపింది. 1916–17 చలికాలంలో బంగాళాదుంప పంట పాడై జర్మన్ కుటుంబాలు పశువుల మేతగా వాడే టర్నిప్ దుంపలతో పొట్ట నింపుకున్నాయి. రష్యా నగరాల్లోనూ రొట్టె కోసం బారులు పెరిగాయి. 1917లో పెట్రోగ్రాడ్‌లో మహిళా కార్మికులు మొదలుపెట్టిన సమ్మె కొద్దిరోజుల్లోనే జారు సింహాసనాన్ని కూల్చింది. ఆ ఏడాది చివర అధికారానికి వచ్చిన బోల్షివిక్కులు 1918 మార్చి 3న బ్రెస్ట్–లిటోవ్‌స్క్‌లో జర్మనీతో ఒప్పందం చేసుకుని యుద్ధంనుంచి తప్పుకున్నారు. 1917 ఏప్రిల్‌లోనే అమెరికా మిత్రరాజ్యాల పక్షాన చేరింది. అమెరికా సేనలు పూర్తిగా దిగకముందే గెలవాలని జర్మనీ 1918 మార్చిలో చివరి పందెం ఒడ్డి ఓడిపోయింది.

ఓడిన తీరును కాస్త నిదానించి చూడాలి. సెప్టెంబరు 29న, తక్షణం విరమణ కోరకపోతే సైన్యం కుప్పకూలుతుందని తన ప్రభుత్వానికి చెప్పింది సాక్షాత్తు సైన్యాన్ని నడిపిస్తున్న సేనాని లూడెన్‌డార్ఫే. ఆ తర్వాత ఆయన చాకచక్యంగా పక్కకు తప్పుకున్నాడు. కైజరు నెదర్లాండ్స్‌కు పారిపోయాడు. కాంపియేన్ అడవిలో రైలు పెట్టెలో విరమణ పత్రంపై జర్మనీ తరఫు బృందానికి నాయకుడిగా సంతకం చేయవలసి వచ్చింది మథియాస్ ఎర్జ్‌బెర్గర్ అనే పౌర రాజకీయవేత్తకు. అప్పటికి శత్రు సేనలు జర్మనీ నడిగడ్డమీద అడుగుపెట్టలేదు. కవాతు చేస్తూ తిరిగివచ్చిన సైనికులను చూసిన సామాన్యుడికి ఓటమి కళ్లకు కట్టలేదు. మరుసటి ఏడాది, యుద్ధకాలపు సైన్యాధిపతి హిండెన్‌బర్గ్ పార్లమెంటు విచారణ సంఘం ముందు నిలబడి సైన్యాన్ని వెనకనుంచి పొడిచారన్న మాట వల్లించాడు. యుద్ధాన్ని నడిపినవాళ్లు చేతులు కడుక్కున్నారు, ముగించినవాళ్లు ద్రోహులయ్యారు. 1921 ఆగస్టులో ఎర్జ్‌బెర్గర్‌ను జాతీయవాద ఉగ్రవాదులు కాల్చి చంపారు.

వెర్సాయ్ ఒప్పందం కఠినంగా ఉంది కనుకే హిట్లర్ పుట్టుకొచ్చాడన్న మాట తరచూ వినిపిస్తుంది. 1919 జూన్ 28న కుదిరిన ఆ ఒప్పందం జర్మనీనుంచి అల్సాస్–లొరేన్‌నూ వలసలన్నిటినీ లాగేసుకుంది. సైన్యాన్ని లక్షకు కుదించింది. 231వ అధికరణం యుద్ధనష్టాల బాధ్యతను జర్మనీ, దాని మిత్రులపై మోపింది. 1921లో నష్టపరిహారాన్ని 13,200 కోట్ల బంగారు మార్కులుగా లెక్కగట్టారు. ఇదంతా అవమానకరమే. అయితే అందులో 8,200 కోట్లకు రాసిన బాండ్లు వసూలవుతాయని నిర్ణయించినవారికే నమ్మకం లేదు. ఏడాది ముందు బ్రెస్ట్–లిటోవ్‌స్క్‌లో ఇదే జర్మనీ రష్యాకు పెట్టిన షరతులు ఇంతకన్నా ఘోరమైనవి: పాత సామ్రాజ్యపు జనాభాలో దాదాపు మూడో వంతు దాంతో పోయింది. 1871లో ఓడిన ఫ్రాన్సు 500 కోట్ల ఫ్రాంకుల పరిహారాన్ని రెండేళ్ల చిల్లరలో చెల్లించేసింది. పరిహారాల వసూలుకు 1932లోనే తెరపడింది. హిట్లర్ ఛాన్సలర్ అయింది 1933 జనవరి 30న. అతని పార్టీకి 1928లో వచ్చిన ఓట్లు 2.6 శాతమే. మహామాంద్యం వచ్చిపడ్డాక 1930లో 18 శాతమయ్యాయి, 1932 జులైలో 37 శాతం దాటాయి. ఒప్పందం గాయం చేసిందన్నది నిజమే. దాన్ని పదేపదే రేపినది ఓటమిని ఒప్పుకోని పెద్దమనుషుల అబద్ధం, నిరుద్యోగం. నేరమంతా వెర్సాయ్ మీదికి నెట్టడమంటే ఆ తర్వాత పద్నాలుగేళ్లపాటు నిర్ణయాలు తీసుకున్నవారందరినీ నిర్దోషులుగా వదిలిపెట్టడమే.

డబ్బు వ్యవహారం మాత్రం నిజంగానే ముదనష్టపు ముడి. జర్మనీ యుద్ధ ఖర్చును పన్నులతో కాకుండా అప్పుతో నెట్టుకొచ్చింది. గెలిస్తే శత్రువులచేత కక్కించవచ్చన్నది లెక్క. 1914లో డాలరుకు 4.2 మార్కులు. 1923 జనవరిలో ఫ్రెంచి, బెల్జియన్ సేనలు రూర్ బొగ్గు ప్రాంతాన్ని ఆక్రమించాయి. అక్కడి కార్మికుల సమ్మెకు జీతాలివ్వడానికి ప్రభుత్వం నోట్లు అచ్చుగుద్దుతూ పోయింది. నవంబరుకల్లా డాలరుకు 4.2 లక్షల కోట్ల మార్కులు. జీవితమంతా కూడబెట్టుకున్న మధ్యతరగతి పొదుపు ఆవిరైంది. యుద్ధానికి ముందు ప్రపంచానికి అప్పులిచ్చిన బ్రిటన్ ఇప్పుడు అమెరికాకు బాకీపడింది. బ్రిటన్ తన యుద్ధ రుణపత్రాల చివరి బాకీ తీర్చింది 2015లో.

1918 జనవరిలో అమెరికా అధ్యక్షుడు విల్సన్ 14 సూత్రాలు ప్రకటించాడు. ప్రజల సమ్మతి లేకుండా వారిని ఒక ప్రభుత్వం నుంచి మరో ప్రభుత్వానికి చేతులు మార్చకూడదన్న ఆయన మాటలు ఆసియా, ఆఫ్రికా వలసల్లో చదివినవారి చెవుల్లో పడ్డాయి. విల్సన్ మనసులో ఉన్నది ప్రధానంగా ఐరోపా జాతులే. వింటున్నవారు తమకు కూడా వర్తిస్తుందనుకున్నారు. అలా అనుకోవడానికి వారికి పూర్తి హక్కుంది. ఎందుకంటే వారి బిడ్డలూ ఆ యుద్ధంలో చచ్చిపోయారు. 1919 వసంతం నెరవేరని ఆశల కాలం. మార్చి 1న కొరియాలో జపాను పాలనకు వ్యతిరేకంగా జనం వీధుల్లోకి వచ్చారు. అదే నెలలో జాతీయ నాయకుడు జగ్లూల్ పాషాను బ్రిటిష్ వారు మాల్టాకు పంపేయడంతో ఈజిప్టు భగ్గుమంది. ఏప్రిల్‌లో నానాజాతి సమితి నిబంధనల్లో జాతుల సమానత్వాన్ని చేర్చాలన్న జపాను ప్రతిపాదనకు ఎక్కువ ఓట్లు పడినా, ఏకగ్రీవం కాదంటూ విల్సనే తోసిపుచ్చాడు. చైనాలోని షాన్‌డాంగ్‌లో జర్మనీకి ఉన్న హక్కులను చైనాకు తిరిగి ఇవ్వకుండా జపానుకు కట్టబెట్టడంతో మే 4న బీజింగ్ విద్యార్థులు తిరగబడ్డారు. చైనా కమ్యూనిస్టు పార్టీ వ్యవస్థాపకులు కొందరు ఆ ఉద్యమంలోంచి వచ్చినవారే.

భారతదేశం విషయానికి వస్తే, 13 లక్షలమందికి పైగా సైనికులు, కూలీలు సముద్రాలు దాటి వెళ్లారు. 70 వేలమందికి పైగా తిరిగి రాలేదు. 1917లో భారత ఖజానానుంచి పది కోట్ల పౌండ్లను, అంటే ఆనాటి 150 కోట్ల రూపాయలను, బ్రిటన్‌కు యుద్ధ కానుకగా ఇచ్చారు. ఆ మొత్తం ఈ దేశపు రైతుల పన్నులనుంచి వచ్చింది. ఇక్కడి ప్రజలను ఎవరూ అడగలేదు. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ నౌక ఎమ్డెన్ మద్రాసు రేవులోని చమురు ట్యాంకులను పేల్చివేసినప్పుడు యుద్ధం తీరానికి వచ్చి తొంగిచూసింది. అసలు యుద్ధం మాత్రం ధరల రూపంలో ఇంటింటికీ చేరింది. 1918లో మద్రాసు ప్రెసిడెన్సీలో ధాన్యం దుకాణాల లూటీలు జరిగాయి. అదే ఏడాది ఓడల్లో బొంబాయికి చేరిన ఇన్‌ఫ్లుయెంజా రైళ్లెక్కి దేశమంతా పాకింది. ఈ దేశంలో దానివల్ల పోయిన ప్రాణాలు కోటికి పైనే. ప్రపంచంలోని అన్ని రణరంగాల్లో నాలుగేళ్లలో చనిపోయిన సైనికుల మొత్తం దాదాపు కోటి. భారత జనగణనల చరిత్రలో జనాభా తగ్గిన దశాబ్దం 1911–21 ఒక్కటే. ఈ మరణాలకు స్మారక స్తంభాలు లేవు.

బాధ్యతాయుత ప్రభుత్వాన్ని క్రమంగా ఇస్తామని 1917 ఆగస్టులో భారత వ్యవహారాల బ్రిటిష్ మంత్రి మాంటేగు ప్రకటించాడు. 1919 మార్చిలో వచ్చింది మాత్రం రౌలట్ చట్టం. సైన్యానికి అందరికన్నా ఎక్కువమందిని పంపిన పంజాబులోనే ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగ్ కాల్పులు జరిగాయి. అధికారిక లెక్క ప్రకారమే 379 మంది చనిపోయారు. మరుసటి రోజు గుజ్రాన్‌వాలాలో విమానంనుంచి బాంబులు వేశారు. యుద్ధంలో శత్రువు మీద ఆరితేరిన పద్ధతులు పాలితుల మీదికి తిరిగాయి. తర్వాతి ఏడాది ఇరాక్ తెగల మీద బ్రిటిష్ వైమానిక దళం చేసినదీ ఇదే.

ఇరాక్ అన్న రాజ్యం అసలు పుట్టిందే ఈ పంపకాల్లో. ఒట్టోమన్లపై తిరగబడితే స్వతంత్ర అరబ్బు రాజ్యాన్ని గుర్తిస్తామని 1915లో బ్రిటిష్ ప్రతినిధి మెక్‌మహన్ మక్కా షరీఫు హుసేన్‌కు ఉత్తరాలు రాశాడు. 1916లో అవే ప్రాంతాలను బ్రిటన్, ఫ్రాన్సు సైక్స్–పికో ఒప్పందంలో గుట్టుగా పంచుకున్నాయి. 1917 నవంబరు 2న పాలస్తీనాలో యూదుల జాతీయ నివాసానికి బాల్ఫోర్ ప్రకటన మద్దతు పలికింది. అదే నెలలో బోల్షివిక్కులు జారు ప్రభుత్వపు రహస్య ఒప్పందాలను పత్రికలకెక్కించడంతో గుట్టు రట్టయింది. అయినా 1920 ఏప్రిల్‌లో సాన్ రెమోలో పంపకం అనుకున్నట్టే జరిగింది: సిరియా, లెబనాన్ ఫ్రాన్సుకు, ఇరాక్, పాలస్తీనా బ్రిటన్‌కు. వలస అన్న మాట మొరటుగా ఉందని మాండేట్ అన్న పేరు పెట్టారు. అదే ఏడాది ఒట్టోమన్లతో కుదిరిన సెవ్ర్ ఒప్పందం కుర్దులకు స్వరాష్ట్ర అవకాశాన్ని చూపించింది. మూడేళ్లకు లోజాన్ ఒప్పందం వారి ఊసే ఎత్తలేదు. నేడు నాలుగు దేశాల్లో చీలి ఉన్న కుర్దుల దుస్థితికి ఆ మౌనం ఒక పెద్ద కారణం. 1915లో ఊళ్లకు ఊళ్లుగా తరిమి చంపిన ఆర్మేనియన్లకు న్యాయం చేస్తామన్న మిత్రరాజ్యాల హామీ కూడా అక్కడే మట్టికొట్టుకుపోయింది.

ఒట్టోమన్ సుల్తాను ఇస్లాం మతానికి ఖలీఫా కూడా కావడంతో ఆ సామ్రాజ్య పతనపు ప్రకంపనలు తెలుగు నేలదాకా వచ్చాయి. యుద్ధంలో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ బ్రిటిష్ పక్షాన నిలిచి ఖలీఫా సైన్యాలపైకి హైదరాబాదు అశ్వికులను పంపాడు. ఢిల్లీ తీన్‌మూర్తి కూడలిలోని మూడు విగ్రహాలు హైదరాబాదు, మైసూరు, జోధ్‌పూర్ సంస్థానాల దళాలవి. మరోవైపు ఖలీఫా పదవిని కాపాడాలన్న ఖిలాఫత్ ఉద్యమంతో గాంధీజీ సహాయ నిరాకరణను కలిపారు. 1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం ఆ ఊపులోనే జరిగింది. ఇంత చేసి, ఖలీఫా పదవిని చివరికి రద్దు చేసింది బ్రిటిష్ వారు కాదు, 1924 మార్చిలో టర్కీ గణతంత్రమే. దేశం విడిచిన ఆఖరి ఖలీఫా అబ్దుల్ మజీద్‌కు నిజాం భరణం పంపాడు. 1931లో ఆయన కుమార్తె దుర్రుషెవార్‌ను, అదే రాజవంశపు నీలోఫర్‌ను నిజాం కుమారులు పెళ్లాడారు. హైదరాబాదులో ఏళ్లుగా పసిపిల్లలకు వైద్యం చేస్తున్న నీలోఫర్ ఆసుపత్రికి ఉన్నది ఆ రాకుమారి పేరే.

టర్కీ గణతంత్రం ఎలా పుట్టిందో చూస్తే ఈ ఐదేళ్ల అసలు వారసత్వం కనిపిస్తుంది. 1919 మే 15న మిత్రరాజ్యాల అండతో గ్రీకు సైన్యం స్మిర్నా రేవులో దిగింది. నేటి ఇజ్మీర్ అదే. గ్రీకులు అనటోలియా లోతట్టుకు చొచ్చుకుపోయారు, టర్కీ జాతీయవాద నేత ముస్తఫా కెమాల్ సేనలు తిప్పికొట్టాయి. దారిపొడవునా ఇరుపక్షాలూ ఊళ్లు తగలబెట్టాయి. 1922 సెప్టెంబరులో టర్కీ సేనలు స్మిర్నాలో ప్రవేశించిన కొద్దిరోజులకే నగరం కాలిపోయింది. లక్షలాది జనం రేవుగట్టున, ముందు సముద్రం, వెనక మంటల మధ్య చిక్కుకున్నారు. రేవులో మిత్రరాజ్యాల యుద్ధనౌకలు ఉన్నా, తాము తటస్థులమంటూ తొలిరోజుల్లో చాలావరకు చూస్తూ ఉండిపోయాయి.

ఈ శరణార్థుల సమస్యకు లోజాన్‌లో కనుగొన్న పరిష్కారం 1923 జనవరి 30న సంతకమైంది. టర్కీలోని ఆర్థడాక్స్ క్రైస్తవులు గ్రీసుకు, గ్రీసులోని ముస్లింలు టర్కీకి తప్పనిసరిగా వెళ్లాలి. ఇస్తాంబుల్ గ్రీకులను, పశ్చిమ థ్రేస్ ముస్లింలను మాత్రం మినహాయించారు. అప్పటికే పారిపోయినవారితో కలిపి దాదాపు 12 లక్షలమంది క్రైస్తవులు, నాలుగు లక్షలకు అటూఇటూగా ముస్లింలు సొంత నేలను శాశ్వతంగా కోల్పోయారు. ఎవరు ఎటు పోవాలో తేల్చింది మతం ఒక్కటే. తరతరాలుగా టర్కిష్ తప్ప మరో భాష ఎరగని కప్పడోసియా క్రైస్తవులు గ్రీసుకు వెళ్లి పరాయివారయ్యారు. గ్రీకు మాట్లాడే క్రీట్ ముస్లింలకు టర్కీలో అదే గతి పట్టింది. ఉండాలా వెళ్లాలా అన్నది ఎంచుకునే హక్కు ఎవరికీ ఇవ్వలేదు. స్వయం నిర్ణయం పేరుతో మొదలైన శాంతి చర్చలు ఐదేళ్లు తిరిగేసరికి ఇక్కడికి చేరాయి. మనుషులకు తగినట్టు సరిహద్దు గీయడం కుదరకపోతే, సరిహద్దుకు తగినట్టు మనుషులను తరలించడం.

ఆ రోజుల్లో దీన్ని బాధాకరమైనదే అయినా విజయవంతమైన చికిత్సగా చాలామంది రాజనీతిజ్ఞులు లెక్కగట్టారు. అందుకే ఈ పద్ధతి లోజాన్‌తో ఆగలేదు. 1937లో పాలస్తీనాను విభజించాలని సిఫారసు చేసిన బ్రిటిష్ పీల్ కమిషన్, అక్కడి అరబ్బులను, యూదులను అటూఇటూ మార్చవచ్చనడానికి ఆధారంగా చూపించింది ఈ గ్రీకు–టర్కీ మార్పిడినే.